దారుసంధి: పచ్చిమ్రానుతో గృహనిర్మాణము
(అప్పనపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



వైనతేయ గోదావరి యొడ్డున, బాలబాలాజీస్వామి సన్నిధియగు నీ యప్పనపల్లి గ్రామమునందు మన సభ జరుగుట మనకెల్లరకు సంతోషదాయకము. కార్యనిర్వాహకులు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, సంస్కృతోపాధ్యాయుడుగా పనిచేసి విరమించినవాడను గనుక, పంచబ్రహ్మలను గూర్చియో గోత్రప్రవరలను గూర్చియో ప్రసంగింతునని తలచియుందురు. ఆ విషయములను నాకంటె చక్కగా చెప్పగల పెద్దలీ సభయందే పలువురు కలరు. నేను నేడు పచ్చికఱ్ఱను గూర్చి మాటలాడ దలచితిని. నవ్వవలదని ప్రార్థన.

దీనికి కారణము కలదు. మన సంఘమువా రిచ్చట నొక సమాజమందిరమును, దానితో బాలురకు వసతిగృహమును కట్టింప సంకల్పించిరి. దాని పటమును నాకు చూపిరి. గదులు చక్కగా నున్నవి, గాలి వెలుతురులకు లోటులేదు. కాని యాపటమునందు స్తంభములన్నియు సిమెంటువి, ద్వారబంధము లినుపవి, తలుపులు యంత్రశాలనుండి తయారై వచ్చునవి. వడ్రంగుల బిడ్డలకొఱకు వడ్రంగుల ధనముతో కట్టబోవు నింటిలో వడ్రంగి చేసిన యతుకు ఒక్కటియు లేదు! ఇది నా మనస్సును కలతపెట్టినది. అందువలన నే నీ విషయము నెత్తుకొంటిని.

మన కోనసీమలో నిన్న మొన్నటివఱకు మండువా లోగిళ్లు ప్రతి గ్రామమునందును కనబడుచుండెడివి. నాలుగువైపుల సావడులు, నడుమ నాకాశమునకు తెఱచిన వాకిలి, నాలుగు కప్పుల వాననీరు దిగు మండువా, చుట్టును కొయ్యస్తంభములు. సంస్కృతమున చతుశ్శాల యనబడున దిదియే. ఆ యింట గోడ లెండకు వానకు మఱుగు మాత్రమే. బరువును మోయునవి స్తంభములు, దూలములు, వాసములు. గోడ కూలినను కప్పు నిలుచును. ఇట్టి కొయ్యచట్రమే మన పూర్వుల విద్య. నేడా లోగిళ్ల నొకటొకటిగా విప్పి, స్తంభములను దూరపట్టణముల వర్తకులకు తూచి యమ్ముచున్నారు. స్తంభములు పోవుట చూచుచున్నాము; స్తంభముతోబాటు పోవు విద్యను చూచుటలేదు.

ఇక నా తప్పొకటి మీముం దొప్పుకొనవలెను. 1988వ సంవత్సరమున నే నిల్లు కట్టుకొంటిని. మా తండ్రిగారు వడ్రంగము చేసినవారు. దొడ్డిలో పెద్దవేపచెట్టు కలదు. వైశాఖమున దానిని కొట్టించి, శ్రావణమున గృహప్రవేశము కావలెనని ముహూర్తము పెట్టించితిని. తండ్రిగారు వారించిరి. "కర్రకి నీ ముహూర్తం తెలీదురా. దాని తేమ పోవాల్సినప్పుడే పోతుంది" అనిరి. నేను వినలేదు. ఆయన మాఱు పలుకక ఆ చెట్టుతోనే తలుపులు చేసిరి. మిగిలిన బోదెతోను దుంగలతోను దొడ్డిలో పశువులసావడికి స్తంభములు, దూలములు అమర్చిరి. మాఘమాసము వచ్చుసరికి తలుపుపలకలు కుదించుకొని నడుమ వ్రేలుపట్టునంత సందులు పడినవి. ఒక పలక నిలువున బీటవాఱినది. వానకాలము వచ్చుసరికి ఆ తలుపే యుబ్బి మూతపడకుండెను. నలుగురిలో నేను తండ్రిగారి పనితనము నాక్షేపించితిని. ఆయన కోపింపలేదు. "కర్రది తప్పు కాదురా. ఎక్కడ పెట్టాల్సింది అక్కడ పెట్టలేదు. చేసినవాణ్ణి నేను గనక తప్పు నాదే" అనిరి. అదే చెట్టు, అదే వారమున కొట్టినది. తలుపు చెడినది, సావడి చెడలేదు. ఇదేమి చిత్రమని నేనాలోచింపలేదు. ఆలోచించుటకు చాల యేండ్లు పట్టినది.

ఆ చిత్రమునకు కారణమును విన్నవించెదను. అప్పుడే కొట్టిన మ్రానులో నీరు రెండుచోట్ల నుండును. కుండలో నీరు పోసితిమనుకొనుడు. లోపలినీరు వేఱు, కుండగోడలోనికి ఇంకిన తేమ వేఱు. అట్లే కఱ్ఱలోని సూక్ష్మనాళముల బోలులో కొంతనీరు, ఆ నాళముల గోడలలో కొంతనీరు కలదు. మొదట బోలులోని నీరు పోవును. అప్పుడు కఱ్ఱ తేలికయగును గాని కుదించుకొనదు. ఆఱిన కఱ్ఱ తూకములో నీటిపాలు నూటికి రమారమి ముప్పదికి దిగిన పిదప గోడలలోని తేమ కదలును. అప్పుడే కుదింపు మొదలిడును. మన తీరపుగాలిలో అది నూటికి పండ్రెండు మొదలు పదునాఱువఱకు దిగి నిలుచును. పిమ్మట వానకు కొంత పెరుగుచు, వేసవికి కొంత తఱుగుచు నుండును.

ఈ కుదింపు అన్నిదిక్కుల నొక్కతీరుగ నుండదు. నిలువున, అనగా వేరునుండి కొనవైపునకు, లెక్కింపదగినంత లేదు. నడుమనుండి బెరడువైపునకు కొంత కలదు. ఏటివలయముల వెంబడి చుట్టును ఇంచుమించు దానికి రెట్టింపు కలదు. కుదింపు తక్కువయని పేరుపొందిన టేకు సయితము పూర్తిగా నెండినచో ఆఱవైపున నూటికి రెండున్నర, వలయపువైపున నూటికి రమారమి ఆఱుపాళ్లు తఱుగును. మన గాలిలో నిలుచుమేరకు దీనిలో సగమనుకొన్నను, పండ్రెండంగుళముల పలక యంగుళములో మూడవవంతు తఱుగును. నూలుపోగంత సందుకూడ సహింపని తలుపున నిది యపరాధము. పదియడుగుల స్తంభమున కిది లెక్కలేదు. ఏలయన, స్తంభము నిలువున బరువు మోయును, నిలువున కఱ్ఱ కుదించుకొనదు. స్తంభముపై నెఱ్ఱెలు పడును. చూచువారు భయపడుదురు. ఆ నెఱ్ఱెలు నిలువునారల నడుమ పడునవే గాని నారలను తెంపునవి కావు గనుక, అతుకులవద్ద తప్ప స్తంభబలమున కంతగా లోటు కలుగదు.

పచ్చిమ్రానును వాడుటలో నింకొక రహస్యము కలదు. పచ్చికఱ్ఱ ఉలికి మెత్తగా లొంగును. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత బిడ్డలకే కాదు, కొయ్యకును చెల్లును. ఎండి చేవదేరిన దూలమునకు బెజ్జము తొలుచుటకు పట్టు దినములో పచ్చిదూలమునకు సగము చాలును. ఉలి మొన విఱుగదు. దూలపుకొనను నాలుకవలె చెక్కి స్తంభపు బెజ్జములో దిగవేసి, రెండింటిని కలిపి అడ్డముగ కొయ్యచీల కొట్టుదురు. స్తంభము పచ్చిది, చీల మాత్రము బాగుగా నెండినది కావలెను. ఎండినచీల యిక కుదించుకొనదు; పచ్చిస్తంభము నెలనెలకు కుదించుకొనుచు ఆ చీలను బిగించును. ఏండ్లు గడచినకొలది అతుకు వదులుగాక గట్టిపడును. ఇనుపమేకైనచో ఉప్పుగాలికి త్రుప్పుపట్టి కఱ్ఱను తినును. మన సావడి నిలుచుటకును, నా తలుపు చెడుటకును కారణ మిదియే. ఒకచోట కుదింపు శత్రువు, మఱియొకచోట మిత్రము.

నేను ముప్పదియేండ్లకు పైగా బాలురకు సంధులు చెప్పితిని. రెండచ్చులు కలసి యొక్కటియగుచోటు కలదు; కలియక వేఱువేఱుగ నిలుచు ప్రకృతిభావమును కలదు. కొయ్యకును నింతే. స్తంభమునకును దూలమునకును సంధి నిత్యము. చీల కొట్టి యేకము చేయవలెను. తలుపుపలకకును చట్రమునకును ప్రకృతిభావము; పలకను గాడిలో వదులుగా నుంచవలెనే గాని మేకుకొట్టి బంధింపరాదు. బంధించినచో పలక కుదించుకొనుటకు తావులేక చీలిపోవును. దారుశబ్దము చీలుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదని వ్యాకర్తలు చెప్పుదురు. చీలుట దాని స్వభావము; చీలనీయకుండ నడపుట వడ్రంగి నేర్పు. నేను తరగతిలో నల్లబల్లపై వ్రాసిన సంధులను మా తండ్రిగారు దొడ్డిలో ఉలితో చెక్కుచుండెడివారు. ఒకరి పాఠశాలను మఱియొకరము చూడలేదు.

శాస్త్రములు దీనిని విస్మరింపలేదు. మయమతమునందును మానసారమునందును సంధికర్మ యను పేర కొయ్యయతుకులకే ప్రత్యేకాధ్యాయము కలదు. స్తంభమును నిలుపునప్పుడు చెట్టు పెరిగిన తీరుననే మొదలు క్రిందికిని, కొన పైకిని ఉండవలెనని శిల్పులనియమము. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు, ప్రతిమకొఱకు మ్రాను తెచ్చువాడు వనమున కేగు విధిని చెప్పుచు, శ్మశానమందును, మార్గమందును, దేవాలయమందును పెరిగిన చెట్లను, పిడుగుపడినవానిని, తీగలల్లినవానిని విడువుమనియు, చెట్టును పూజించి దానియందు వసించు భూతములను తావు మార్చుకొనుమని ప్రార్థించిన పిమ్మట కొట్టుమనియు విధించెను. దీనిలో భక్తి కలదు, యుక్తియు కలదు. పిడుగుపడిన చెట్టు లోపల చీలియుండును. తీగ బిగించిన చెట్టు మెలితిరిగియుండును. ఒక్కరాత్రి యాగి ప్రార్థించువాడు ఆ చెట్టును చక్కగా చూడక మానడు. అమరకోశమునందు వడ్రంగికి చెప్పబడిన పేళ్లలో తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అనునవి కలవు. ఇండ్లు కట్టువాడును, రథము చేయువాడును ఒక్కడే యని గ్రహింపుడు. ఈ మాట మరల వచ్చును.

మన ప్రాంతపు కొయ్యసంగతి కొంత చెప్పెదను. ఈ డెల్టాభూమిలో పెద్ద యడవి లేదు. భద్రాచలము, రేకపల్లె ప్రాంతముల యడవులనుండి టేకును, మద్దియు, వెదురును తెప్పలుగ కట్టి గోదావరివెంబడి దించెడివారు. నదియే వాహనము, నదియే మొదటి పాకమును. నీటిలో నానిన దుంగలో పురుగుల కాహారమగు పిండిపదార్థము కొంత కరగిపోవును. పిదప నీడలో నెండబెట్టినచో అది సమముగ నెండును. ఈ కారణముననే మన పెద్దలు తుమ్మదుంగలను, వెదుళ్లను చెఱువులో ముంచియుంచెడివారు. ఊరిలో దొరకు తాటిమ్రాను తీరు వేఱు. దాని బలమంతయు వెలిపల నల్లని నారలలో నున్నది. నడుమ మెత్తని గుజ్జు. ముదిరిన తాటిని చీల్చి, నడిమి గుజ్జును చెక్కివేసి, వెలిపలిభాగమును వాసములుగ దించెడివారు. లేతతాడు పనికిరాదు. మన ప్రాంతమున విరివిగా దొరకు కొబ్బరిమ్రానును నిట్టిదే. అంచున గట్టి, నడుమ మెత్తన. పచ్చిదానిని తేమ తగులుచోట నుంచితిమా, త్వరలో క్రుళ్లును. కాబట్టి పచ్చిమ్రానని యన్నిటిని నొక్కగాట కట్టరాదు. ఏ చెట్టేచోట నిలుచునో యెఱుగుటయే విద్య.

ఇక పశువులసావడి కథ పూర్తిచేసెదను. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమవారెవ్వరును మఱచునది కాదు. ఆ పెనుగాలికి కొబ్బరితోటలు నేలమట్టమైనవి. మా యింటి పెంకులెగిరిపోయినవి, పడమటిగోడ విఱిగినది. నేను, భార్య, ఇద్దఱు బిడ్డలు, వృద్ధులగు తండ్రిగారు చీకటిలో సావడిలోనికి పోతిమి. దాని తాటాకుకప్పు సగము లేచిపోయినది. స్తంభములు కిఱ్ఱుమని మ్రోగుచు గాలివాటమున వంగి, మరల నిలుచుచుండెను. మేకులతో బిగించిన దానివలె విఱుగలేదు. చీలలతో కూర్చిన దగుటచే లొంగి నిలిచినది. తెల్లవాఱువఱకు తండ్రిగారు ఒక స్తంభమును చేతితో పట్టుకొని కూర్చుండిరి. పట్టుకొనుటచే నిలుచునని కాదు. అతుకు కదలుట చేతికి తెలియవలెనని. నేనాక్షేపించిన ఆ చేతిపనియే నా బిడ్డల ప్రాణములను కాచినది. ఆ సావడి నేటికిని నిలిచియున్నది.

ఈ విద్య మనకే ప్రత్యేకమని గర్వింపరాదు. ఇంగ్లాండుదేశమున క్రెస్సింగ్ టెంపుల్ అనుచోట పదుమూడవ శతాబ్దినాటి రెండు ధాన్యపుకొట్టములు పచ్చి ఓకుమ్రాకుల చట్రముతో కట్టబడి నేటికిని నిలిచియున్నవి. అచ్చటివారు చీలబెజ్జమును దూలములో నొకింత లోపలికి జరిపి తొలిచి, చీల దిగినకొలది అతుకు తనంత బిగియునట్లు చేయుదురు. 1992లో అగ్నిపాలైన విండ్సర్ కోటలోని సెంట్ జార్జి సభాభవనమునకు పచ్చి ఓకుతోనే క్రొత్తకప్పు నిర్మించి, 1997 నాటికి ముగించిరి. పారిసునగరమున నోటర్ డాము మహాదేవాలయపు కప్పు 2019 ఏప్రిలు 15న కాలిపోయినది. ఉక్కుతో కట్టుదమా, సిమెంటుతో కట్టుదమా యని వాదములు జరిగినవి. తుదకు పూర్వులవలెనే పచ్చిమ్రాకులను గొడ్డళ్లతో చెక్కి చట్రమును నిలిపిరి. 2024 డిసెంబరులో ఆలయద్వారములు మరల తెఱువబడినవి. గొడ్డలితో చెక్కగలవారు ఆ దేశమున మిగిలియుండుటచే నది సాధ్యమైనది. లేనియెడల ధనమెంత యున్నను చెట్లెన్ని యున్నను ఫలమేమి?

మనకును నట్టి పరీక్ష వచ్చినది. మనకు సమీపముననే సముద్రసంగమమున నున్న అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము 2020 సెప్టెంబరు మాసమున దగ్ధమైనది. ఆ వార్త విన్నదినమున నీ సీమలో పొయ్యి రాజేయని యిండ్లెన్నియో కలవు. నలువదియడుగుల యెత్తుగల క్రొత్తరథమును టేకుకొయ్యతో కొలది మాసములలో సిద్ధముచేసిరి. 2021 ఫిబ్రవరి మాసమున స్వామి దానినధిరోహించెను. అమరుడు చెప్పిన రథకారశబ్దము పుస్తకములో మాత్రమే కాక మనుష్యులయందును మిగిలియున్నదని నేను కన్నీరు నించితిని. కాని యొక్క ప్రశ్న నన్ను విడువలేదు. ఇంకొక యఱువదియేండ్లకు మరల రథము కావలసివచ్చినచో చేయువా రెవ్వరు?

దీనికి ప్రత్యాక్షేపములు కలవని యెఱుగుదును. కొయ్యకు చెదలు పట్టును, నిజము. అందుచేతనే స్తంభమును మట్టిలో పాతక ఱాతిదిమ్మపై నిలిపిరి, చూరును పొడవుగ దించిరి. కొయ్య ఖరీదైనది, ఇదియు నిజము. అడవులు తఱిగినవి, ఇది యన్నిటికంటె నిజము. నేను మేడలన్నియు కూలద్రోసి మండువాలు కట్టుడనలేదు. వఱదనీరు చేరు పల్లపునేలలలో సిమెంటుపునాది మేలే. సిమెంటులోని యినుమునకు సముద్రపు ఉప్పుగాలి తగిలి త్రుప్పెక్కి పెచ్చులూడుటను మాత్రము తీరగ్రామములవారు నిత్యము చూచుచున్నారు. అన్నియు నశ్వరములే. కాని కొయ్యయింట చెడిన స్తంభమును విప్పి మార్చవచ్చును. ఒకతరమువాడు చేసినదానిని మఱియొక తరమువాడు విప్పి చదువవచ్చును. విప్పి చదువగల యిల్లు గ్రంథమువంటిది.

ఇక నా మనవి. మా తండ్రిగారు 2003లో స్వర్గస్థులైరి. ఏ చెట్టునేపక్షమున కొట్టవలెనో, ఏ యతుకునకు నాలుక యెంత పొడవుండవలెనో, చీలకు ఏ కొయ్య మేలో ఆయనకు కంఠస్థము. నే నొక్కమాటయు వ్రాసికొనలేదు. కాళిదాసునకు పాఠాంతరములను వెదకినవాడను, కన్నతండ్రి నోటి పాఠమును పోగొట్టుకొంటిని. నావంటివారీ సభలో నెందఱో కలరు. మన తండ్రులు, చదువుకొని యీ పని తప్పించుకొండని మనలను బడికి పంపిరి. మనము తప్పించుకొంటిమి. వారు కోరినది మనము పస్తులుండకుండుటయే గాని వారి విద్యను మఱచుట కాదు.

కావున మూడు ప్రార్థనలు చేసెదను. మొదటిది: సమాజమందిరమును మీ పటము ప్రకారమే కట్టుడు, దానిముందటి సభామండప మొక్కటి మాత్రము కొయ్యచట్రముతో, చీలలతో, మన పెద్దవడ్రంగుల చేతిమీదుగ కట్టింపుడు. పదిమంది బాలురను వారివద్ద నుంచి, పని జరిగినన్నాళ్లు వారికి భృతి నిండు. చెట్టు కొట్టుటనుండి కప్పు నిలుపువఱకు వారు కన్నులార చూతురు గాక. రెండవది: ఈ సీమలో లోగిలి విప్పుచున్నారని తెలిసినచోటికి మన యువకు లిద్దఱు పోయి, స్తంభముల కొలతలను, అతుకులను పటములుగ వ్రాసికొని, పేళ్లను వృద్ధులనడిగి పదిలపఱుపవలెను. ఇనుపపని, కొయ్యపని, ఱాతిపని చేయువారు మన పంచవృత్తులలోనే యున్నారు. బండిచక్రమునకు పట్టా వేయునప్పుడు కమ్మరియు వడ్రంగియు ఒక్కచోట నిలుచునట్లు, దీనికిని నందఱు కలియవలెను. మూడవది: ప్రతి గృహమునందు నున్న వృద్ధశిల్పిని నీయేడే కూర్చుండబెట్టి యడుగుడు. వచ్చు సంవత్సరమునకు వాయిదా వేయకుడు. నేను వేసితిని.

నా వంతు చెప్పెదను. మా తండ్రిగారి ఉలులు, బాడిస, ఱంపము, చిత్రిక యింతవఱకు పెట్టెలో నున్నవి. మండపము పని మొదలిడునాడు వానిని ఆ పదిమంది బాలుర కప్పగించెదను. మా దొడ్డిలో పాతచెట్టు మొదటినుండి మొలచిన వేప నేడు మండపమున కొక స్తంభమునకు చాలునంత బోదెగట్టినది. దానిని కొట్టుటకు ముహూర్తమును మాత్రము నేను పెట్టను. ఆ మండపమును కట్టు పెద్దవడ్రంగి పెట్టును. అతడు చెప్పిన దినమున చెట్టునకు నమస్కరించి ప్రక్కకు తొలగెదను.

విశ్వకర్మభగవానుడు మన సంధుల నన్నిటిని, కొయ్యవానిని మనుష్యులవానిని, కాలముతో బిగియు సంధులుగ చేయుగాక!

స్వస్తి.